తేటా, కలకా: ఒక గ్లాసు హేజీ బీరు గురించి

(విజయనగరంలో భోజనప్రియులైన కొందరు మిత్రుల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్న పెద్దలకి, ఇంట్లో పని వదులుకుని వచ్చిన అమ్మలకి మరీ మరీ నమస్కారం. ఈ సాయంత్రం హేజీ బీరు, అంటే మసగ్గా ఉండే బీరు గురించి మాట్లాడతానని తెలిసి ముగ్గురు నలుగురు ఫోన్ చేశారు, "హాల్లో పోస్తారా అండీ?" అని. పొయ్యను. ఈ బల్ల మీద మూడే ఉన్నాయి. ఒక గాజుగ్లాసులో మా ఇంటి తరవాణి, అంటే పులిసిన గంజి నీళ్లు, ఇప్పుడే కుండలోంచి కలిపి ముంచింది. రెండో గ్లాసులో అదే తరవాణి, రాత్రి నుంచి కదపకుండా ఉంచి పైన తేరిన తేట మాత్రం వంచింది. మూడోది ఈ చిన్న కవరు. ఇందులో పచ్చటి గుళికలు ఉన్నాయి, మన కోళ్ల మేత గుళికల్లా కనిపిస్తాయి. వీటి సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ రెండు గ్లాసులూ చూడండి. ఏది బాగుంది?

అవును, అందరూ తేటనే చూపిస్తున్నారు. నేనూ ముప్పయ్యొక్క ఏళ్లు తేటనే చూపించాను. అది నా ఉద్యోగం.

నేను పంచదార ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేశాను. మిల్లులోంచి వచ్చిన చెరకు రసం మీరు బండి దగ్గర తాగే రసంలా ఉండదు. మట్టి, మైనం, పిప్పి నలుసులు కలిసి బూడిదరంగు, ఆకుపచ్చ మధ్య ఒక మురికి రంగులో ఉంటుంది. దాన్ని వేడిచేసి, సున్నప్పాలు పోసి, గంధకం పొగ పట్టించి, మళ్లీ మరిగే దాకా వేడిచేసి పెద్ద తొట్టిలోకి వదులుతాం. మడ్డి కిందికి దిగుతుంది, పైన లేత తేనెరంగు రసం తేరుతుంది. గంటకోసారి నేను గాజుగొట్టంలో ఆ రసం పట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసేవాడిని. అవతలి కిటికీ చువ్వలు స్పష్టంగా కనిపిస్తే సంతకం. కనిపించకపోతే సున్నం దగ్గర ఉన్నవాడికి కబురు. మడ్డిని రైతులు ఎరువు కోసం బళ్లలో తోలుకుపోయేవారు. అంటే నా కంటికి అలవాటైన లెక్క చాలా సూటిది. తేట అయితే సరుకు, కలక అయితే ఎరువు.

ఈ అలవాటు ఫ్యాక్టరీ ఒక్కదానిదే కాదు. బెల్లం వండేవాళ్లు పెనంలో బెండ మొక్క జిగురు పిండి, పైకి తేలిన మష్టు తీస్తారు. నాగావళికి వరదొచ్చి కలక నీళ్లు దిగినప్పుడు మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది, ఒక పూటకి నీళ్లు తేరేవి. మన మాటలోనే చూడండి. మనసు తేరుకుంది అంటాం, మాట తేటగా ఉంది అంటాం. కలతపడ్డాడు అంటే కష్టంలో ఉన్నట్టే. ఇంత బలమైన ఇష్టం ఉన్నచోట మసగ్గా ఉన్న గ్లాసు ఎదురుగా పెడితే చెయ్యి వెనక్కే పోతుంది.

నాకు అదే జరిగింది. రిటైరయ్యాక విశాఖపట్నంలో మా పెద్దబ్బాయి ఒక చిన్న బ్రూవరీకి తీసుకెళ్లాడు. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోసే చోటు. అద్దం గోడ వెనక నాలుగైదు స్టీలు ట్యాంకులు. నాకు అవి చూడగానే ప్రాణం లేచొచ్చింది, మా ఫ్యాక్టరీ చిన్న బొమ్మలా ఉంది. "హేజీ ఐపీఏ" అని ఒకటి తెచ్చి పెట్టారు. ఐపీఏ అంటే హాప్స్ అనే పువ్వులు ఎక్కువగా వేసి కాచే ఒక బీరు రకం. పనసతొనల రసంలో కాస్త పాలు కలిపినట్టుంది. గ్లాసు ఎత్తి దీపానికి అడ్డం పెట్టాను. అవతలి వైపు నా వేళ్లు కనపడలేదు. "బాబూ, ఇది తేరలేదు, మార్చి తీసుకురా" అన్నాను.

ఆ బీరు కాచే కుర్రాడే వచ్చాడు. పార్వతీపురం వైపు మనిషి, మాట వినగానే తెలిసిపోయింది. కోపం తెచ్చుకోలేదు. "అంకుల్, ఒక్కసారి కళ్లు మూసుకుని వాసన చూడండి. ఆ తర్వాత మార్చమంటే మారుస్తాను" అన్నాడు.

ఆ గ్లాసు గురించి నిదానంగా చెప్తాను. దానికోసమే ఇవాళ మీ ముందుకి వచ్చాను.

నురుగు తెల్లగా, చిక్కగా, రెండు వేళ్ల మందం ఉంది. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మొదట తగిలింది మామిడి. మామిడి అంటే చాలదు. ఇది బాగా ముగ్గిన బంగినపల్లి వాసన కాదు. సువర్ణరేఖ కాయ గడ్డిలో వేసిన మూడోరోజు గది తలుపు తీస్తే వస్తుంది చూడండి, తీపి ఇంకా పూర్తిగా రాలేదు, తొడిమ దగ్గర జీడి వాసన ఇంకా పోలేదు, అలాంటిది. దాని వెనక కమలాపండు తొక్క గిల్లినప్పుడు చిమ్మే నూనె. ఇంకా లోపలికి పీలిస్తే జామకాయ. అక్కడ చెట్టూ లేదు, పండూ లేదు. "ఇందులో ఏ పండ్ల రసం కలిపావు నాయనా?" అని అడిగాను. "ఏ పండూ లేదు అంకుల్, బార్లీ, ఓట్లు, గోధుమ, హాప్స్, ఈస్టు, నీళ్లు" అన్నాడు.

తర్వాత గుక్క. నాలుక మీద పడగానే తెలిసింది, ఇది మనకి అలవాటైన బీరులా గరగరమని పరిగెత్తదు. చోడంబలి, అదే రాగి అంబలి, చల్లగా తాగితే ఒక నునుపు ఉంటుంది కదా, మెత్తగా నాలుకంతా పరుచుకుంటుంది, ఆ నునుపు. తీపి అనిపించింది గానీ పంచదార తీపి కాదు. చేదు ఉంది, కానీ ఉగాది పచ్చడిలో వేపపువ్వులా ఆఖర్న వచ్చి, ఒక్కసారి పలకరించి వెళ్లింది. మింగాక భీమాలి మామిడితాండ్ర కొరికినప్పటి పులుపు, కొద్దిగా వగరు మిగిలాయి. పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. గ్లాసు చల్లదనం తగ్గే కొద్దీ వాసన పెరిగింది, కొత్తగా అనాసపండు వచ్చింది. మార్చమని మళ్లీ అడగలేదు.

ఆ రాత్రి రైల్లో విజయనగరం వస్తుంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఆ కలకని నేను మా ఫ్యాక్టరీ తొట్టిలో వేసి తేర్చి ఉంటే ఏం మిగిలేది? ఆ ప్రశ్న వెంట మూడేళ్లుగా తిరుగుతున్నాను. చదివాను, ఆ కుర్రాడి దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. నాకు అర్థమైనది చెప్తాను.

ఇప్పుడు ఈ కవరు. ఒక్కో గుళిక తీసుకుని వేళ్ల మధ్య నలిపి వాసన చూసి పక్కవారికి ఇవ్వండి. తినకండి, విపరీతమైన చేదు. ఇవి హాప్స్. ఒక తీగ మొక్కకి పూసే ఆడపువ్వులు. ఆరబెట్టి, దంచి, గుళికలుగా నొక్కుతారు. పువ్వు రేకుల మొదట్లో పసుపు పొడి ఉంటుంది, సారమంతా అందులోనే. అమెరికాలో యాకిమా లోయ వీటికి పేరు, మన దేశంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కూడా పండించారు. గంజాయి మొక్కదీ దీనిదీ ఒకటే కుటుంబం, కానీ ఇందులో ఆ మత్తు లేదు. మన ఏజెన్సీ కుర్రాళ్లని జైలు దాకా తీసుకుపోతున్న ఆ మొక్క పేరు వినగానే భయపడతారని ముందే చెప్తున్నాను.

హాప్స్‌లో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి చేదు ఆమ్లాలు. ఇవి గంటసేపు మరిగితేనే రూపం మార్చుకుని నీళ్లలో కలుస్తాయి. రెండోది పరిమళం ఉన్న నూనెలు. ఇవి మరిగితే ఆవిరైపోతాయి. వంట చేసేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చారులో మిరియాలు ముందే వేస్తాం, కొత్తిమీర దింపేముందు వేస్తాం. మామూలు బీరులో హాప్స్ ఎక్కువగా మరిగేటప్పుడే వేస్తారు, చేదు కోసం. హేజీ బీరులో పొయ్యి ఆపాక, కాస్త చల్లారాక వేస్తారు. మళ్లీ పులుస్తున్నప్పుడు, పులిసిన తర్వాత చల్లటి ట్యాంకులో వేస్తారు. లీటరుకి పది గ్రాములు, ఇంకా పైన కూడా. అందుకే అంత హాప్స్ పడినా చేదు తక్కువ, పరిమళం ఎక్కువ. బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టు కూడా ఊరుకోదు, హాప్స్‌లో ఉన్న కొన్ని వాసన పదార్థాల్ని తిని వేరే వాసనలుగా మార్చి వదులుతుంది. నాకు తగిలిన జామకాయ అలా వచ్చిందే కావచ్చని ఆ కుర్రాడి మాట.

మరి కలక ఎక్కణ్నుంచి వచ్చింది? నేరేడుపళ్లు నాలుగు తినండి. నాలుక పట్టేసినట్టవుతుంది. నేరేడులోని వగరు, మన లాలాజలంలో ఉన్న మాంసకృత్తులతో ముడిపడి గడ్డకడుతుంది. జారుడు పోయి నాలుక గరుకైపోతుంది. సరిగ్గా అదే పని గ్లాసులో జరుగుతుంది. ఓట్లు, గోధుమ నుంచి మాంసకృత్తులు వస్తాయి. హాప్స్ నుంచి వగరు వస్తుంది. రెండూ పట్టుకుని కంటికి కనపడనంత చిన్న ముద్దలవుతాయి. ఆ ముద్దలు కిందికి దిగేంత బరువు ఉండవు, తేలుతూ ఉంటాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది, అందుకే అవతలి వేళ్లు కనపడవు. హాప్స్ నూనెలు కూడా కొంత ఈ ముద్దల్ని అంటిపెట్టుకుని ఉంటాయి. నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. గట్టిగా వడకడితే కలకతో బాటు పరిమళంలో కొంతా, ఆ అంబలి నునుపులో చాలా భాగమూ పోతాయి.

ఈ కలక ఈస్టు మాత్రమే అని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. జర్మనీ వాళ్ల గోధుమ బీరుకి మసక చాలామటుకు ఈస్టు వల్లే వస్తుంది. దాని పేరులో ఉన్న "హెఫె" అంటేనే ఈస్టు. దానికి అరటిపండు, లవంగం వాసన ఉంటుంది, రెండూ ఆ ఈస్టు పుట్టించినవే. ఐపీఏలో మాత్రం ఈస్టు ఎక్కువ తేలుతుంటే మంచి లక్షణం కాదు. నాలుక మీద పచ్చి రొట్టెపిండి రుచి వస్తుంది, కడుపు ఉబ్బరిస్తుంది.

చరిత్ర ఎక్కువ చెప్పను. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో బంగారు రంగులో మెరిసే తేట బీరు కాచారు. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ దారినే పోయింది. మన దగ్గరా అంతే. రణస్థలం మండలం బంటుపల్లిలో పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉంది. అలాంటి చోట్ల తయారయ్యేది వడకట్టిన లాగర్, అంటే మనకి అలవాటైన తేట బీరు. నేను దాన్ని చిన్నబుచ్చను. లక్షల సీసాలు, ప్రతి సీసా ఒకేలా తేటగా రావడం ఎంత కష్టమో ఆ పని చేసినవాడిగా నాకు తెలుసు. ఇక హేజీ సంగతికొస్తే, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో వాటర్‌బరీ అనే చిన్న ఊళ్లో జాన్ కిమిచ్ అనే ఆయన 2003లో ఆల్కెమిస్ట్ అని ఒక పబ్ పెట్టాడు. అక్కడ హెడీ టాపర్ అనే కలక బీరు పోసేవాడు. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వరద ఆ పబ్‌ని ముంచేసింది. అప్పుడే సిద్ధమవుతున్న డబ్బాల లైను మాత్రం మిగిలింది, ఆ బీరు డబ్బాల్లో ఊళ్లు దాటింది. డబ్బా మీద, గ్లాసులో పోసుకోవద్దు, డబ్బాతోనే తాగండి అని అచ్చు వేశారు. 2018లో అక్కడి బ్రూవర్ల సంఘం ఈ రకాన్ని తన జాబితాలో విడిగా చేర్చింది. తుపాను పోయాక ఉన్నదాంతో మళ్లీ మొదలుపెట్టడం ఏమిటో మన తీరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్లం.

కానీ నాకు ఈ కలక వెర్మాంట్‌లో దొరకలేదు. అది నాకు చిన్నప్పుడే పరిచయం, నేను మరిచిపోయాను.

మా ఊరు చీపురుపల్లి పక్కన. ఊరి చివర తాటితోపు. మాఘం దాటితే కల్లు దిగేది. యాత కులస్థుడు ఒక తాత ఉండేవాడు, నడుముకి మోకు, వెనక గీతకత్తి, చేతిలో లొట్టి, అంటే కల్లుకుండ. తెల్లవారుజామున చెట్టు దిగగానే నీడలో కూర్చుని లొట్టి వంచి చూపించేవాడు. తెల్లగా, పలచటి మజ్జిగలా, పైన నురుగు. చెవి దగ్గర పెడితే సన్నగా సిటసిటమని చప్పుడు. పిల్లలకి తాగనిచ్చేవాడు కాదు. లోపల సున్నం పూసిన వేరే లొట్టిలో పులవని నీరా ఉంచి, దాంట్లోంచి దోసిట్లో కొంచెం పోసేవాడు. ఒకరోజు నేను, మా పట్టణం చుట్టం ఒకాయన తోపుకి వెళ్లాం. ఆయన కల్లు చూసి "మడ్డిగా ఉందేంటి, తేరనివ్వు" అన్నాడు. తాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "తేరిపోతే దాన్లో ఏటుంటాది బావూ? ఇదిగో, చెవి ఒగ్గు, ఇంకా మాటాడతంది. మాటాడినంతసేపే కల్లు."

తాటి నీరాలో పదిశాతం పైచిలుకు పంచదార ఉంటుంది. గాలిలో, లొట్టిలో, చెట్టు మీద ఉన్న ఈస్టు, బాక్టీరియా పడి గంటల్లో పులిసిపోతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. తాత ఒక్క గుక్కతో అది ఏ చెట్టుదో, ఎన్ని గంటల కల్లో చెప్పేవాడు. లొట్టి కడగడంలో అశ్రద్ధ జరిగితే వాసనతోనే పట్టేసేవాడు. కలక ఉంది కాబట్టి మంచిదని అతను ఏనాడూ అనలేదు. ఏ కలక మంచిదో, ఏది చెడిందో అతనికి తెలుసు. నేను ఇవాళ ఈ సభలో అడుగుతున్నది ఆ ఒక్కటే. గ్లాసు మసగ్గా ఉందని వెనక్కి తోయకండి, మసగ్గా ఉందని మెచ్చుకోకండి కూడా. అడ్డం పెట్టి చూడటం దగ్గర ఆగిపోకుండా ముక్కునీ నాలుకనీ అడగండి.

ఎందుకంటే చెడ్డ హేజీ బీరు కూడా చాలానే ఉంది. రెండేళ్ల క్రితం వేరే ఊళ్లో ఒక షాపులో హేజీ అని రాసిన డబ్బా కొన్నాను, పెద్ద ధరే. షాపు పేరు అక్కర్లేదు. ఎండలో ఎన్నాళ్లు ఉంచారో ఏమో. గ్లాసులో పోస్తే లేత పసుపు ఉండాల్సింది టీ నీళ్ల రంగులోకి తిరిగింది. పళ్ల వాసన పోయింది. తడిసిన అట్టపెట్టె వాసన, అడుగున పాత బెల్లం. కలక మాత్రం అలాగే ఉంది. ఈ రకం బీరుకి గాలి పెద్ద శత్రువు. ఓట్లు, అంత హాప్స్ ఉన్నచోట ప్రాణవాయువు కొంచెం తగిలినా రంగు ముందు చెప్పేస్తుంది. కాచిన తేదీ చూడాలి, చల్లగా ఉంచిందే కొనాలి, నెల రెండు నెలల్లోపే తాగాలి. దాచుకునే సరుకు కాదు, కల్లు లాంటిదే.

మరీ కొత్తది కూడా ఇబ్బందే. హాప్స్ పొడి ఇంకా దిగకముందే పోసేస్తే గొంతులో సరిగా ఉడకని కంద తిన్నట్టు గీరుతుంది. చాలామంది దాన్నే ఘాటు అనుకుని మెచ్చుకుంటారు. నాకైతే అది తొందరపాటు, ఇంకో వారం ట్యాంకులో ఉంటే పోయేది. వెన్న మరిగిన వాసన వస్తే ఈస్టు పని పూర్తికాలేదు. పచ్చి ఆపిల్ వాసన వచ్చినా అంతే. పుల్లగా ఉండటం ఈ రకానికి లక్షణం కాదు, పులిస్తే ఎక్కడో శుభ్రం తప్పింది. ఇంకొకటి, ఫ్రిజ్‌లో గడ్డకట్టే చలిలో పెడితే కొన్ని తేట బీర్లు కూడా మసకబారతాయి. అరచేతుల్లో గ్లాసు పట్టుకుని కాస్త వేడెక్కనివ్వండి. తేరిపోతే అది చలి మసక. నిజమైన హేజీ తేరదు. అసలు మరీ చల్లగా తాగితే నాలుక మొద్దుబారి ఇంత కష్టపడిన పరిమళం ఏమీ తెలియదు. ఏడు నుంచి పది డిగ్రీలు చాలు.

వెనక నుంచి చెల్లెమ్మ ఒకరు అడుగుతున్నారు, ఇదంతా వినడానికి బాగుంది గానీ ఇంట్లో తాగేవాళ్ల వల్ల పడేవాళ్లం మేము, మాకెందుకీ రుచి పాఠం అని. అమ్మా, మీ ప్రశ్నకి నా దగ్గర పక్కదారి లేదు. ఈ బీరు నునుపుగా ఉంటుంది, పళ్లరసంలా దిగుతుంది, కానీ సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది శాతం ఆల్కహాలు ఉంటుంది. మామూలు లాగర్ కంటే ఎక్కువ. ఆ నునుపు దాన్ని దాచేస్తుంది. అందుకే నేను రైలుకే వెళ్తాను, బండి తీయను, చిన్న గ్లాసు ఒక్కటే, గంటసేపు. మైకం కోసం తాగేవాడికి ఈ కబుర్లేవీ అక్కర్లేదు, అతనికి వాసన కూడా తెలియదు. తాగని వారిని మొదలుపెట్టమని నేను ఎన్నడూ చెప్పను. మీరు ఇవాళ వాసన చూసిన గుళికలో, రేపు మీ ఇంట్లో పులిసే అంబలిలో ఉన్న శాస్త్రం ఒకటే. దాని కోసమైనా వినండి.

ఇంకో మాట, రుచికి మాటల గురించి. ఈ బీర్ల మీద రాసే రాతలన్నీ ప్యాషన్‌ఫ్రూట్, గ్రేప్‌ఫ్రూట్, లీచీ అని ఉంటాయి. మా కుర్రాడి బోర్డు మీదా అవే ఉండేవి. నేను ఆయన్ని అడిగాను, "నువ్వు గ్రేప్‌ఫ్రూట్ ఎన్నిసార్లు తిన్నావు బాబూ?" రెండుసార్లన్నాడు. "పంపరపనస?" లెక్కలేదన్నాడు. మరి మీ అమ్మకి అర్థమయ్యే మాట రాయి అన్నాను. ఇప్పుడు ఆ బోర్డు మీద తెలుగులో పంపరపనస తొక్క, సువర్ణరేఖ, దోరజామ అని ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ బోర్డు చదివి, గ్లాసు తీసుకుని, "జామ కాదురా, ఉద్దానం పనసతొన, అదీ కోసిన రెండో పూటది" అన్నాడట. నేను వెళ్లినప్పుడు మళ్లీ చూశాను. పెద్దాయనే కరెక్టు. పేరు దొరికితే రుచి కూడా దొరుకుతుంది. ముప్పయ్యొక్క ఏళ్ల ఫ్యాక్టరీలో నా నాలుకకి ఒక్క మాట కూడా పని పడలేదు, గాజుగొట్టానికే పడింది.

ఇక ఆఖరి సంగతి. ఇది ఇంకా నడుస్తున్న పని.

చోళ్లు మనకి కొత్త కాదు, ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన చోడి రకాలు చాలా చోట్ల వేస్తున్నారు. మా ఆవిడ మనవడికి చోడి మాల్టు చేస్తుంది. చోళ్లు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, తెల్లటి మొలక రాగానే నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసురుతుంది. బార్లీకి చేసేది కూడా ఇదే. గింజ మొలకెత్తేటప్పుడు పిండిని పంచదారగా విడగొట్టే ఎంజైములు పుడతాయి, ఎండబెట్టి ఆ పనిని మధ్యలో ఆపుతాం. కిందటి వేసవిలో రెండు కిలోలు మొలకకట్టించి, వేయించకుండా ఆరబెట్టి, ఆ కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్లాను. ఓట్ల బదులు దీన్ని వెయ్యమన్నాను. యాభై లీటర్ల చిన్న కుండలో వేశాడు, మిగతాదంతా బార్లీ.

మూడు వారాలకి పిలిచాడు. రంగు ఇటుకపొడి కలిపిన పసుపు. కలక ఇంతకు ముందుకన్నా చిక్కగా వచ్చింది. చోడిగింజ పైపొర ఎర్రగా ఉంటుంది కదా, వగరంతా దాంట్లోనే ఉంది. హాప్స్ వగరుకి ఇది తోడైంది. వాసనలో పళ్ల కింద తడిసిన చోడిపిండి, నాకు కళ్లు చెమర్చాయి. గుక్క మాత్రం మధ్యలో బాగుండి ఆఖర్న నాలుకని పట్టేసింది, నేరేడు తిన్నట్టే. ఓట్ల నునుపు రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బాగాలేదు. బాగాలేదనే మాట ఆ కుర్రాడే ముందు అన్నాడు, ట్యాంకులో మిగిలింది పారబోశాడు, ఎవరికీ అమ్మలేదు. అందుకే అతని మీద నాకు గురి.

ఈసారి తెల్లచోళ్లు దొరికాయి. పైపొర తెలుపు, వగరు తక్కువ. ఒక్క కిలో చాలనుకున్నాం, మిగతా నునుపుకి ఓట్లు మళ్లీ పెట్టాం, హాప్స్ కొంచెం తగ్గించాం. పోయిన గురువారం ట్యాంకులోకి ఎక్కించాడు. నిన్న రాత్రి ఫోను ట్యాంకు గొట్టం దగ్గర పెట్టి వినిపించాడు, బుడగలు నీళ్ల సీసాలోకి పోయే చప్పుడు. సిటసిటమని.

ఆ కవరు ఎవరి దగ్గర ఆగిపోయిందండీ? మూడో వరసలో వారికి ఇంకా అందలేదు, కాస్త ఇటు పంపండి. ఈ తరవాణి కూడా ఇద్దరు ముగ్గురు రుచి చూడొచ్చు. కలిపిన గ్లాసు ముందు తీసుకోండి.